తేనెమంచు రసం

ఈ కింద రాయబోయేదంతా జరిగింది జరిగినట్టు, అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నానని ముందుగా ప్రమాణం చేస్తున్నాను. అమ్మ మీద ఒట్టు పెడదామంటే బతికున్నన్నాళ్ళూ ఆవిడ నా ఒట్లని నమ్మింది లేదు, పిల్లల మీద పెడదామంటే మా ఆవిడ ఒప్పుకోదు, అందుకని ఈ చేతుల్తో కొన్ని వేల చిన్నరసాలు పిసికి, జుర్రి, టెంక చీకినవాణ్ణి కనుక ఆ టెంక మీదే ఒట్టు. నూజివీడు వైపు పుట్టినవాడికి అంతకంటే పెద్ద ప్రమాణం లేదు. నన్నెరిగినవాళ్ళు ఈపాటికి నవ్వడం మొదలుపెట్టి ఉంటారు. ఆగిరిపల్లి నుంచి విస్సన్నపేట దాకా నాకు కోతలరాయుడని పేరున్న మాట కాదనను. కానీ యాభై ఎనిమిదేళ్ళు వచ్చాక మనిషన్నవాడు ఒక్కసారైనా నిజం రాయాలి కదా.

ఇప్పుడే ఎందుకు రాయాలనిపించిందంటే, మొన్న ఎండాకాలం మా ఆవిడతో కలిసి బెజవాడలో ఓ పెద్ద చల్లటి కొట్టుకి వెళ్ళాను. అక్కడ మామిడిపళ్ళకి తలా ఒక తెల్లటి వలచొక్కా తొడిగి అట్టపెట్టెల్లో పడుకోబెట్టారు. పెట్టె మీద ఆకుపచ్చ అక్షరాల్తో ఆర్గానిక్ అని రాసుంది. అక్కడున్న అమ్మాయి ఎంతో మర్యాదగా, ఒక్క మచ్చ కూడా ఉండదు సార్, గ్యారంటీ అంది. నేను పెట్టెలన్నీ తిరగేసి, ఒక్క మచ్చయినా ఉన్న కాయ ఇప్పించమ్మా అని అడిగాను. ఆ పిల్ల మా ఆవిడ వంక జాలిగా చూసింది. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని పప్పుల వైపు లాక్కుపోయింది. మచ్చ లేని కాయంటే నాకెందుకు గురి కుదరదో చెప్పాలంటే, ఎనభైల్లోకి, నాకు ఇరవయ్యేళ్ళప్పుడు, డిగ్రీ రెండో ఏడు తప్పి ఇంట్లో పాత దిన పత్రికలు చదువుకుంటూ కూర్చున్న రోజుల్లోకి వెళ్ళాలి.

మా నాన్నగారు ప్రాథమిక పాఠశాలలో మాస్టారు. తెలుగు చెప్పేవారు, లెక్కలు చెప్పేవారు, అబద్ధం ఆడినవాణ్ణి ఎండలో గోడకుర్చీ వేయించేవారు. మా బళ్ళో గోడకి నా వీపు ఆనిన చోట సున్నం పోయి నా ఆకారమే మిగిలిందని తర్వాత చదివిన పిల్లలు చెప్పుకునేవారు. తాతగారి నుంచి వచ్చిన ఐదెకరాల తోట ఆగిరిపల్లి దగ్గర ఉండేది. అందులో చిన్నరసాలే ఎక్కువ, గట్టు వెంబడి నాలుగు బంగినపల్లి చెట్లు, ఆవకాయకని రెండు పుల్లకాయ చెట్లు. మా వైపు రైతుకి తోట ఉంటుందే గానీ మామిడికాయ ఉండదు, ఆ సంగతి బయటివాళ్ళకి తెలియదు. పూత మీదో పిందె మీదో షావుకారు వచ్చి చూసి కాపు మొత్తం గుత్తకి కొనేసేవాడు, ఆ తర్వాత మన చెట్టు కింద రాలిన కాయ మనం ఏరుకోవాలన్నా అతని మనిషిని అడగాలి. మా అమ్మ సొంత తోట ఆవకాయ కోసం షావుకారు మనిషికి అట్లు పోసిపెట్టడం నాకు తెలుసు.

తోటలో పాక వేసుకుని కాపలా ఉండే దంపతులు ఇద్దరుండేవారు. మాకు చుట్టాలు కారు, మా వాళ్ళూ కారు, అయినా ఊహ తెలిసినప్పట్నుంచీ ఆయన్ని బాబాయి అనీ ఆవిణ్ణి పిన్ని అనీ పిలిచేవాణ్ణి. బాబాయి మనిషి పొడుగు, చెయ్యి నిలకడ. చెట్లకి మందు కొట్టాలంటే చుట్టుపక్కల తోటలన్నిటికీ ఆయనే కావాలి. ఒకరు కింద పంపు కాలితో తొక్కుతూ ఉంటే, పొడుగాటి వెదురు గడకి కట్టిన గొట్టం పట్టుకుని తల పైకెత్తి కొమ్మల్లోకి కొట్టాలి. కొట్టిందాంట్లో సగం చెట్టు మీద పడితే సగం కొట్టేవాడి మొహం మీదే పడుతుంది. మూతికి తువ్వాలు చుట్టుకోవడమే అప్పట్లో జాగ్రత్త. పిన్ని మాత్రం తక్కువ మాట్లాడే మనిషి, కానీ ఆ తక్కువే చాలు. నా కోతలు విని ఊరంతా నోళ్ళు తెరుచుకుంటే ఆవిడ ఒక్కతే చేటలో బియ్యం చెరుగుతూ, మరి ఆ పాముకి మీసాలు కూడా ఉన్నాయా అబ్బాయిగారూ, అనేది.

ఆ యేడు పూత విరగబూసింది. దాని వెనకే పురుగు వచ్చింది. ఈ పురుగు గురించి కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ కథ మొత్తం దాని పేరు మీదే నడిచింది. నువ్వుగింజంత ఉంటుంది, పూతలో రసం పీల్చి జిగటగా ఓ తియ్యటి నీరు కారుస్తుంది. ఆ నీరు ఆకుల మీదా కాయల మీదా పడి, దాని మీద నల్లగా మసి కడుతుంది. ఇంత పాడుపని చేసే పురుగుకి మా పెద్దలు పెట్టిన పేరు తేనెమంచు. పేరు పెట్టినవాడెవడో గానీ నాకంటే పెద్ద కోతలరాయుడై ఉండాలి.

పురుగు ఉధృతి చూసి నాన్నగారు డబ్బా మీదున్న కొలత కంటే రెండు మూతలు ఎక్కువే కలపమన్నారు. గాలి ఎదురు తిరిగింది. పొద్దున పదకొండింటికి బాబాయి గడ వదిలేసి, చెట్టు మొదలు పట్టుకుని, అలాగే జారి కూలబడిపోయాడు. నోట్లోంచి నురగ. ట్రాక్టరు మీద నూజివీడు తీసుకెళ్తే మూడు రోజులకి కళ్ళు తెరిచాడు. ఇంకోసారి ఈ మందు వాసన తగిలితే తీసుకురావద్దు, తెచ్చినా లాభం లేదు అన్నారు డాక్టరుగారు. నాన్నగారు ఆ మూడు రోజులూ ఆసుపత్రి మెట్ల మీదే కూర్చున్నారు. ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే, ఇక మన తోటలో ఏ మందూ పడదు అన్నారు. పొలానికి వేసే ఎరువు కూడా పశువుల పెంటే, జీలుగ పచ్చిరొట్టే తప్ప బస్తాది కాదన్నారు. ఇప్పుడు దీనికి పెద్దపెద్ద పేర్లున్నాయి గానీ, అప్పుడు మా ఊళ్ళో దీనికున్న పేరు మాస్టారికి మతిపోయింది అని.

ఆ మాట అందరికంటే ముందు అన్నది మా మావయ్య. అమ్మకి అన్నగారు, నూజివీడులో పురుగుమందుల కొట్టు. మంచివాడు. నాకు చెప్పులూ చొక్కాలూ కొనిపెట్టింది ఆయనే. ఆయన వసారాలో కూర్చుని, బావగారూ, పులి కరిస్తే అడివి తగలబెడతామా, మనిషిని మార్చండి గానీ మందు మానేస్తారా, అన్నాడు. మాటా మాటా పెరిగి చివరికి అమ్మ మధ్యలో నిలబడి తెంచింది. ఒక్క ఏడు నాన్నగారి ఇష్టం. వచ్చే కాపు మందు లేకుండా పండించి అమ్ముకోగలిగితే సరే. అమ్ముకోలేకపోతే తోట పదేళ్ళకి మావయ్యకి గుత్త. మావయ్య చేతికి వెళ్తే పంపు మళ్ళీ తోటలోకి వస్తుంది, తోటలో ఉండాలంటే బాబాయి గడ పట్టాలి, పట్టకపోతే పాక ఖాళీ చెయ్యాలి. ఆ ముక్క ఎవరూ పైకి అనలేదు. వాకిట్లో నిలబడ్డ పిన్నికి అనకుండానే అర్థమైంది.

మరుసటి ఏడు నాన్నగారు బడి నుంచి రాగానే తోటలో పడేవారు. వేపగింజలు దంచి, నానబెట్టి, ఆ కషాయం కొట్టించారు, అదీ తనే గడ పట్టుకుని. చెట్ల కింద పొగ వేయించారు. ఆ కషాయం ఎంత చేదంటే, మా తోటలో దిగిన చిలకలు ఒక్క ముక్కు పొడిచి, మొహం చిట్లించుకుని, పక్క తోటలోకి పోయి నోరు తీపి చేసుకునేవి. ఇది నేను కళ్ళారా చూశాను. చిలకలైతే పోయాయి గానీ తేనెమంచు పోలేదు. సగం పూత మాడింది. మిగిలిన సగం కాయై నిలబడింది కానీ ప్రతి కాయకీ తొడిమ దగ్గర్నుంచి బుజాల దాకా నల్లటి మసి. షావుకారు మోటారుసైకిలు దిగకుండానే తోట చూశాడు.

“మాస్టారూ, ఇవి మామిడికాయల కొట్లో కాదండీ, బొగ్గుల కొట్లో అడగండి, కొంటారు,” అని కిక్కు కొట్టి వెళ్ళిపోయాడు.

అలా మా వంశంలో మొదటిసారి మా కాయలు మేమే అమ్ముకోవలసి వచ్చింది. అమ్మ నడిమింట్లో మంచాలు బయట వేయించి నేలంతా వరిగడ్డి పరిచింది. ఒక వరస కాయ, ఒక వరస గడ్డి. అప్పటికే బజారులో కార్బైడు వచ్చేసింది, ఒక్క రాత్రికి కాయ పసుపురంగుకి తిరిగిపోతుంది, మావి మాత్రం గడ్డిలో వారం రోజులు తీరిగ్గా మాగేవి. ఆ పరిమళానికి మేం ముగ్గురం వసారాలో పడుకుని నిద్రలో చప్పరించేవాళ్ళం. అమ్మేదెక్కడ అంటే, నాన్నగారు ఆలోచించి, హనుమాన్ జంక్షన్ అన్నారు. అటు ఏలూరు, ఇటు బెజవాడ, పైకి పోతే నూజివీడు, ఏ బస్సు ఎక్కాలన్నా జనం అక్కడ దిగి నిలబడాల్సిందే. ఓ తెలిసినాయన ఖాళీస్థలంలో నాలుగు తాటాకులు కప్పి పందిరి వేశాం. పక్కన చెరుకురసం బండి ఒకటి ఉండేది. తెల్లారి మొదటి ఎర్రబస్సు టాపు మీద గంపలెక్కించి నేనూ పిన్నీ వెళ్ళేవాళ్ళం.

బోర్డు నాన్నగారు స్వహస్తాల్తో రాశారు. ఇచ్చట మందు వాడని ఫలములు లభించును. ఛందస్సు తప్పలేదు గానీ, హైవే మీద పోయే లారీ డ్రైవరుకి అంత వేగంలో రెండే మాటలు కనపడతాయి, మందు అన్నదొకటీ, లభించును అన్నదొకటీ. మొదటి రోజు మా పందిరి ముందు ఆగిన లారీలు జంక్షన్‌లో ఏ హోటలు ముందూ ఆగి ఉండవు. దిగినవాళ్ళు గంపల వెనక వెతికి, గడ్డి కింద వెతికి, నా చెవిలో, ఎక్కడ పెట్టావు బాబూ అని అడిగి, కాయలు చూసి తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. సాయంత్రానికి ఒక్క డజను కూడా కదల్లేదు. రెండో రోజూ అంతే. వచ్చినవాళ్ళు మసి చూసి చెయ్యి వెనక్కి తీసుకునేవారు. పిన్ని ఎండలో కూర్చుని గంపకేసి చూస్తుంటే నాకు అటు చూడబుద్ధయ్యేది కాదు.

మూడో రోజు ఏలూరు బస్సు కోసం నిలబడ్డ ఒకావిడ, జరీ చీర, నల్లకళ్ళద్దాలు, పందిట్లోకి వచ్చింది. కాయ ఒకటి రెండువేళ్ళతో ఎత్తి పట్టుకుంది.

“ఈ నలుపేంటి బాబూ?”

“తేనెమంచు అండీ,” అన్నాను. ఇక్కడి దాకా నిజమే. పురుగు పేరు చెప్పబోయాను.

“తేనెమంచా. అదేం రకం?”

ఆవిడ నోట్లో ఆ మాట పడ్డ తీరు చూశాను. పటిక బెల్లం పడ్డట్టు పడింది. అప్పుడు నా నాలుక నన్నడగకుండానే కదిలింది. తేనెమంచు రసం అండీ, పాత రకం, జమీందార్ల కాలంలో కోట లోపల ఒకే ఒక్క చెట్టు ఉండేదట, బయటివాళ్ళకి టెంక కూడా దక్కనిచ్చేవారు కాదట, మా ముత్తాత దొంగతనంగా అంటు తెచ్చాడట. ఆ నలుపు దాని జాతి గుర్తండీ, నలుపు లేకపోతే అది తేనెమంచే కాదు, పైగా ఆ నలుపు తుడవకూడదు, తుడిస్తే తీపి సగం తగ్గిపోతుంది. ఆవిడ అక్కడే ఒకటి పిసికి జుర్రింది. నేను ఎన్ని అబద్ధాలు చెప్పినా ఒక నిజం మాత్రం ఆ కాయలో ఉంది. గడ్డిలో మాగిన చిన్నరసం అది. కళ్ళద్దాలు తీసేసి, కళ్ళు మూసుకుంది. రెండు గంపలు ఆవిడే కొనుక్కుంది.

గంపలు బస్సెక్కించి వచ్చాక పిన్ని నా వంక అదోలా చూసింది.

“పురుక్కి పట్టాభిషేకం చేశారుగా అబ్బాయిగారూ.”

“అమ్ముడుపోయాయా లేదా పిన్నీ?”

“పోయినియ్యి.” డబ్బులు కొంగున ముడేసుకుంది. “మాస్టారుగారికి మాత్రం మీరే చెప్పుకోండి.”

చెప్పుకోలేదు. చెప్పుకునే తీరిక ఏదీ. పదిరోజుల్లో తేనెమంచు రసం పేరు ఏలూరు నుంచి బెజవాడ దాకా పాకింది. తుడవకూడదన్నాను కనుక ఎవరూ తుడవలేదు. జంక్షన్‌లో బస్సులు బయల్దేరితే కిటికీ కిటికీకీ ఒక నల్లమూతి. ఒక పెళ్ళిబస్సు నిండా అందరికీ ఒకే వరస మీసాలు, పెళ్ళికూతురితో సహా. కండక్టరు టిక్కెట్టు కొట్టబోయి, మగవాళ్ళెవరో ఆడవాళ్ళెవరో తెలియక దిగి నన్ను పిలుచుకెళ్ళాడు. నమ్మకపోతే మీ ఇష్టం.

నాన్నగారికి తెలిసిన వైనం ఇది. విస్సన్నపేట వైపు నుంచి అంట్లు కట్టే నర్సరీ ఆయన ఒకాయన సైకిలు మీద వెతుక్కుంటూ మా బడికి వెళ్ళాడు. ఒంటిపూట బళ్ళో పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్న నాన్నగారికి నమస్కారం పెట్టి, మాస్టారూ, మీ తోటలో తేనెమంచు పదంట్లు ఇప్పించండి, అందరూ అదే అడుగుతున్నారు, అన్నాడు.

“తేనెమంచు అంటే పురుగు కదండీ,” అన్నారట నాన్నగారు. “దానికి అంటు కట్టడం నాకు రాదే.”

ఆ సాయంత్రం నన్ను కొట్టలేదు, తిట్టలేదు. గోడకుర్చీ వేయించినా బాగుండేది. నడిమింట్లో గడ్డి మధ్య నిలబడి, నిదానంగా, మందు కలిపేటప్పుడు నేను రెండు మూతలు ఎక్కువ పోయించాను, నువ్వు మాటలో పోశావు, అన్నారు. నీ దగ్గర అబద్ధం కొన్నవాళ్ళకి నువ్వే నిజం చెప్పే దాకా ఒక్క కాయ కూడా గడప దాటడానికి వీల్లేదన్నారు. ఇంకా సగం కాపు చెట్టు మీద ఉంది, గడ్డిలో ఉన్నది మాగిపోయి రసం కారుతోంది. నాలుగు రోజులు పందిరి మూసేస్తే ఎంత కుళ్ళిపోతుందో అందరికీ తెలుసు. తెలిసే మావయ్య వచ్చాడు. గడ్డిలో నల్లబడిపోతున్న కాయలు చూసి, గెలిచినందుకు సంతోషించలేక, ఒరేయ్ అల్లుడూ, అబద్ధమైనా సవ్యంగా ఆడలేవట్రా, పట్టుబడేది ఆడతావా, అన్నాడు. అమ్మ కుళ్ళినవి వేరు చేస్తూ ఉంది. పిన్ని కూడా ఆవిడ పక్కనే కూర్చుని వేరు చేసింది, ఆ నాలుగు రోజులూ నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

చెబుతానని చివరికి నేను ఒప్పుకున్నాక, ఆదివారం పొద్దున అందరం జంక్షన్‌కి వెళ్ళాం, నాన్నగారు, అమ్మ, పిన్ని, మొదటిసారిగా బాబాయి, వద్దన్నా వినకుండా మావయ్య. మేం లేని నాలుగు రోజుల్లో తేనెమంచు రసం కాపు అయిపోతోందని పుకారు పుట్టి, పందిరి ముందు సంచులు పట్టుకుని జనం నిలబడి ఉన్నారు. ముందు వరసలో జరీ చీర ఆవిడ, వెంట ఇద్దరు ఆడపడుచులు. నిజం చెబితే ఈ సంచులన్నీ ఖాళీగా వెనక్కి పోతాయి, సంచులు ఖాళీగా పోతే తోట పోతుంది. చెప్పకపోతే నాన్నగారు గంప మీద గుడ్డ తీయరు. నేను ఖాళీ గంప ఒకటి బోర్లించి దాని మీదెక్కి నిలబడ్డాను. ఆ రోజు నేను చెప్పింది ఒక్క ముక్క మార్చకుండా రాస్తున్నాను.

“ఇన్నాళ్ళూ నేను చెప్పింది అబద్ధమండీ. తేనెమంచంటే రకం కాదు, పురుగు. ఇయ్యి ఉత్త చిన్నరసాలు. మందు కొట్టలేదు గనక పురుగొచ్చింది, పురుగొచ్చింది గనక మసొచ్చింది. మందెందుకు కొట్టలేదంటే, పోయినేడు ఆ మందు కొట్టే మా బాబాయి నురగలు కక్కుకుని పడిపోయాడు. అదుగో, కూర్చున్నాడు చూడండి, ఆ మనిషే. ఈ మసి తడిగుడ్డెట్టి తుడిస్తే పోద్ది. ఆ మందు తుడిస్తే పోదు. తిన్నోళ్ళకి కనపడదు, అంతే. వద్దనుకున్నోళ్ళు మీరిచ్చింది ఎనక్కి తీసుకెళ్ళండి, కావాలనుకున్నోళ్ళు తుడుచుకుని తినండి.”

బాబాయి సిగ్గుపడి తల వంచుకుని తువ్వాలు మడతలు పెడుతున్నాడు. అందరికంటే ముందు తేరుకున్నది జరీ చీర ఆవిడ.

“అయితే పది రోజులు నా చేత మసి తినిపించారన్నమాట.”

“మా ఆయన చేత కూడా వదినా,” అంది పక్కన ఆడపడుచు, “మసితో సహా టెంక చీకాడు మహానుభావుడు.”

ఎవరో నవ్వారు. ఒక నలుగురు తిట్టుకుంటూ వెళ్ళిపోయారు, ఇద్దరు డబ్బు వెనక్కి అడిగితే నాన్నగారు నమస్కారం పెట్టి ఇచ్చేశారు. జరీ చీర ఆవిడ మాత్రం కదల్లేదు. బాబాయిని పరకాయించి చూసింది, కాయ ఒకటి తీసి చెంగుతో మసి తుడిచింది, కొరికింది.

“తుడిచినా తీపి తగ్గలేదే,” అంది. “రెండు గంపలు కట్టండి.”

ఆ మాటతో మిగతా సంచులు తెరుచుకున్నాయి. మావయ్య కాసేపు అటూ ఇటూ చూసి, ఎవరూ గమనించడం లేదనుకుని, భుజం మీది కండువా నీళ్ళలో ముంచి కాయలు తుడవడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి ఆయన కండువా, చొక్కా, ముక్కు చివర, అన్నీ నలుపే. పురుగుమందుల కొట్టాయన పురుగు పట్టిన కాయలు తుడిచి అమ్మడం నూజివీడులో నెలరోజులు చెప్పుకున్నారు. ఆ కాపు అమ్ముడుపోయింది. తోట మావయ్యకి పోలేదు. గడ బాబాయి చేతికి రాలేదు.

ఆ పందిరే తర్వాత మసిసంత అయింది. ఎవరూ పెట్టాలని పెట్టింది కాదు. మరుసటి ఆదివారం ఓ ముసలాయన, మా పెరటి దోసకాయలకీ మందు లేదు మాస్టారూ, పెట్టుకోనా అని వచ్చాడు. ఆ పై వారం గోంగూర, కందిపప్పు, ఒకావిడ మజ్జిగ. పెట్టుకోవచ్చు గానీ సంతలో ఒక్కటే షరతు అన్నారు నాన్నగారు, సరుకులో లోపం అమ్మేవాడే ముందు చెప్పాలి, ధర ఆ తర్వాతే. అది పాటించడం చూడాలి మీరు. వంకాయల్లో పదింటికి రెండు పుచ్చులుంటాయమ్మా. గోంగూర నిన్నటిదండీ. మజ్జిగావిడ మరీ నిజాయితీగా, ఇయ్యాళ నీళ్ళెక్కువయ్యాయి, మా కోడలు కలిపింది, అనేది. కోడలు వచ్చిన రోజు, ఇయ్యాళ ఉప్పెక్కువైంది, మా అత్త కలిపింది, అనేది. బేరాలు సగం ఈ లోపాల మీదే నడిచేవి, వినడానికే బస్సులు వదులుకుని నిలబడేవారు కొందరు. అలవాటు ఎంత ముదిరిందంటే, నా పెళ్ళిచూపుల్లో కాఫీ గ్లాసు కింద పెట్టి నాన్నగారు, మావాడు కోతలు కోస్తాడండీ, మిగతాదంతా పరవాలేదు, అన్నారు. లోపల్నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్విన మనిషే ఇప్పుడు నన్ను పప్పుల వైపు లాక్కుపోయేది.

ఏడెనిమిదేళ్ళు నడిచింది ఆ సంత. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పందిరి పోయింది, చెరుకురసం బండి పోయింది, ఇప్పుడు అక్కడ ఆగేవాళ్ళు లేరు, వంతెన పైనుంచి సర్రున పోయేవాళ్ళే. నాన్నగారు, అమ్మ, మావయ్య వరసగా వెళ్ళిపోయారు. బాబాయి ఆ రోజు తర్వాత ఇంకో ఇరవయ్యేళ్ళు గడ ముట్టుకోకుండా బతికి, వయసు మీదపడే పోయాడు. పిన్ని నాలుగేళ్ళ క్రితం పోయింది. మా తోట ఇంకా ఉంది, తేనెమంచూ ఉంది. నా తరం వాళ్ళు కొందరు ఇప్పటికీ వేసవిలో ఫోను చేసి, మసికాయలున్నాయా అని అడుగుతారు. వాళ్ళ పిల్లలు మాత్రం ఫోటో పంపమంటారు. పంపితే మళ్ళీ మాట్లాడరు. తప్పు వాళ్ళది కాదు. సరుకు ఎదురుగా పెట్టుకుని, అమ్మేవాడి మొహంలోకి చూసి, ఇదేంటి అని అడిగే వీలు వాళ్ళకి లేకుండా పోయింది. అడిగితేనే కదా ఒకడు అబద్ధమైనా నిజమైనా చెప్పేది.

ఇక ఒప్పుకోవలసింది ఒకటుంది. ఇంతదాకా చదివి, చిలకలు మొహం చిట్లించడం, పెళ్ళికూతురి మీసాలు అబద్ధమని మీరు పక్కన గీత గీసుకుని ఉంటారు. అవి నిజం. టెంక మీద ఒట్టు. నేను కల్పించింది ఒక్కటే, గంప బోర్లించి ఎక్కింది నేనన్న ముక్క.

సంచులతో ఆ జనాన్ని చూడగానే నా కాళ్ళు నన్ను పక్కకి తీసుకుపోయాయి. నాన్నగారు నాకోసం అటూ ఇటూ చూశారు. ఇంకోసారి చూశారు. అప్పుడు పిన్ని తలమీద చుట్టకుదురు తీసి కింద పెట్టి, గంప బోర్లించి, చీర కుచ్చిళ్ళు దోపుకుని పైకెక్కింది. మాటలన్నీ ఆవిడవే. మాస్టారి కొడుకు నోట పోద్ది అన్న మాట రాదని మీలో పట్టుకున్నవాళ్ళు పట్టుకునే ఉంటారు. నేను మార్చింది రెండే. ఆవిడ, మా అబ్బాయిగారు చెప్పింది అబద్ధమండీ, అంది, నేను అక్కడ నేను అని రాసుకున్నాను. ఆవిడ, నా మొగుడు, అంది, నేను మా బాబాయి అని దిద్దాను. నాన్నగారు ఆ తర్వాత ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. పిన్నీ ఎత్తలేదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఈ కథ నలుగురిలో నేను ఇలాగే చెప్పుకుంటూ వచ్చాను, ఆవిడ ఎదుటే చెప్పిన రోజులు కూడా ఉన్నాయి, మీసాల పాము గురించి అడిగిన మనిషి ఈ ఒక్కచోట మాత్రం నన్నేమీ అడగలేదు.

ఆవిడ గంప మీద నిలబడి మాట్లాడుతున్నంతసేపూ నేను చెరుకురసం బండి వెనక ఉన్నాను. బండి ఆయన చక్రం తిప్పడం ఆపేశాడు కాబట్టి నాకు ప్రతి మాటా వినపడింది.